సెట్ అవుతుందిలే

మరిగే నీళ్ళలోంచి ఫ్లాస్కును పట్టకారుతో పైకి తీసి రాతి గట్టు మీద పెట్టాక, ఇక చేతులు కట్టుకుని కూర్చోవడం తప్ప పిట్ట చేయగలిగింది ఏమీ లేదు. ఫ్లాస్కంటే టీ పోసుకునేది కాదు, పిడికిలి కంటే కాస్త పెద్ద ఇత్తడి పెట్టె, రెండు చిప్పలుగా విడిపోతుంది, లోపల ప్లాస్టరు, ప్లాస్టరు నడుమ గులాబీ రంగు చిగుళ్ళు, వాటిలో కుదురుకుంటున్న పళ్ళు. అది దానంతటది చల్లారాలి. ఆత్రం పట్టలేక చన్నీళ్ళు పోశామా, మర వదులు చేశామా, లోపలి చిగురు మెలితిరిగిపోతుంది, తర్వాత లబోదిబోమన్నా లాభం లేదు, మళ్ళీ మొదటికే. డాక్టరమ్మ ఆసుపత్రి వెనక, కట్టుడు పళ్ళు చేసే ఈ చిన్న గదిలో పిట్ట ఎన్ని నోళ్ళకి పళ్ళు కట్టిందో లెక్కలేదు. మామూలుగా అయితే ఈ చల్లారే వేళలో బల్ల తుడిచేది, మైనం ముక్కలు ఏరేది, ఏమీ తోచకపోతే మొగుడికి ఫోన్ చేసి ఊరికే ఓ చిన్న గొడవ పెట్టుకునేది. ఇవాళ చేతికి ఏ పనీ అంటడం లేదు. ఇవి అమ్మ పళ్ళు.

అమ్మ ముందు గదిలో బెంచీ మీద కూర్చుని ఉంది, బోసినోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పక్కన ఎవరైనా పలకరిస్తే కళ్ళతోనే నవ్వుతూ. నాన్న అక్కడ కుదురుగా ఎందుకు కూర్చుంటాడు, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న తలుపుల దుకాణానికి వెళ్ళిపోయాడు. పిట్ట కిటికీలోంచి వంగి చూస్తే ఆయన వీపు కనిపిస్తోంది, చేతులు వెనక్కి కట్టుకుని ఎవరో పలక చిత్రిక పడుతుంటే చూస్తున్నాడు, చూడ్డమేమిటి, కళ్ళతో తనే పడుతున్నాడు. ఇందాక ఆసుపత్రి లోపలికొస్తూ అమ్మ పిట్ట భుజం తట్టి, "భయపడకే, సెట్ అవుతుందిలే," అంది. పళ్ళు లేని నోట్లోంచి ఆ మాట సగం గాలిగా వచ్చింది. అయినా ఆ మాట వినగానే పిట్టకి సగం భయం పోయింది, చిన్నప్పటినుంచీ అంతే. పిట్ట అన్నది నాన్న పెట్టిన ముద్దుపేరు. మనిషి ఇప్పుడు నాలుగు పిట్టలంత అయింది, కణతల దగ్గర నెరిసింది కూడా, పేరు మాత్రం అలాగే అతుక్కుపోయింది.

అమ్మకి వచ్చిన ఇంగ్లీషు ఎంతని, బస్సు, టైము, డాక్టరు, కరెంటు, ఇంకో పిడికెడు. కానీ ఈ సెట్ అన్న మాట మాత్రం ఆవిడ చేతిలో పడి పది మాటల చాకిరీ చేసింది. స్టవ్ వెలగకపోతే సెట్ చెయ్యి, తలుపు గొళ్ళెం పడకపోతే సెట్ చెయ్యి, జడ వదులైతే ఇటురా సెట్ చేస్తా, కొత్త చెప్పులు కరుస్తుంటే నాలుగు రోజులు తిరిగితే అవే సెట్ అవుతాయి, పక్కింటావిడకి కోపం వస్తే ఆవిడే సెట్ అవుతుంది, అద్దె ఇల్లు మారి మొదటి రాత్రి నిద్ర పట్టక పిట్ట పొర్లుతుంటే, కళ్ళు మూసుకో, ఈ గోడలు మనకీ మనం ఈ గోడలకీ సెట్ అవ్వాలి కదా. విరిగిన ఎముకకీ అదే మాట, విరిగిన మనసుకీ అదే మాట. పెళ్ళైన కొత్తల్లో పిట్ట మొగుడి మీద అలిగి సంచీ పట్టుకుని వచ్చేస్తే, అమ్మ ఏమైందని కూడా అడగలేదు, సంచీ తీసి లోపల పెట్టి, ఓహో మీ ఇద్దరికీ ఇంకా సెట్ కాలేదన్నమాట, అని ఊరుకుంది, గడ్డకట్టడానికి పెట్టినదాన్ని కదపకూడదు అన్నట్టు. మర్నాడు సాయంత్రానికి మొగుడే వచ్చాడు, మొహం వేలాడేసుకుని, ఇంట్లో పిట్ట రోజూ అలారం పెట్టే గడియారాన్ని వెంట తెచ్చాడు, అలారం ఎలా సెట్ చెయ్యాలో నాకు తెలియక పొద్దున డ్యూటీ పోయింది అని. దానికి అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎంత నవ్విందో. ఆ నోటికి అడ్డం పెట్టే చెయ్యి ఒకటి, నవ్వు వచ్చిందంటే నవ్వుకంటే ముందు చెయ్యి వచ్చేది, ఎందుకంటే పైవరసలో ముందు పళ్ళు రెండూ ఒకదానికొకటి ఎడంగా ఉండేవి, కుడివైపుది కొంచెం పక్కకి తిరిగి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఉండేది.

ఇంగ్లీషు మేష్టారు గుర్తొస్తున్నారు, ఎప్పటి మాటో. సెట్ అన్న ఈ చిన్న క్రియకి నిఘంటువులో పేజీలకి పేజీలు పడతాయిరా అని, బోర్డు మీద మూడక్షరాలు రాసి, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పండి అన్నారు. సూర్యుడు, అన్నాడొకడు, పొద్దు గుంకితే అదే మాటట. పిట్ట ఉలిక్కిపడింది, గుంకడమేమిటి, అమ్మ మాటలో అన్నీ నిలబడతాయి కదా, సూర్యుడు మాత్రం మునిగిపోవడమేమిటి, పాపం. తర్వాత ఉంగరంలో రాయి పొదగడం, ఇల్లు తగలబెట్టడం, పంజరంలోంచి వదిలెయ్యడం, ఊరికి బయలుదేరడం, పరీక్షకి ప్రశ్నలు తయారుచెయ్యడం, అబ్బో, అది మాటా, సంతా? చివర్లో పిట్ట చెయ్యెత్తి, రంపం, అంది. పిల్లలంతా కిసుక్కున నవ్వారు. మేష్టారు నవ్వలేదు, భలే, అదీ ఉంది, ఎక్కడో చివర్లో ఉంటుంది, నీకెలా తెలిసిందే, అన్నారు. ఎలా తెలుస్తుంది, మా నాన్న చేసే పనే అది కదండీ.

కోత మిల్లులో నాన్న పని రంపాలకి పదును పెట్టడం. పదును కంటే ముందు ఇంకో పని ఉండేది, పళ్ళని ఒకటి ఇటూ ఒకటి అటూ వెంట్రుకవాసి వంచడం, దాన్నే అక్కడ అందరూ సెట్ ఇవ్వడం అనేవారు. సెలవు రోజుల్లో పిట్ట వెళ్ళి రంపపు పొట్టులో కూర్చుని చూసేది. ఇంత చక్కగా వరసలో ఉన్నవాటిని ఎందుకు వంకర చేస్తావు నాన్నా అని అరిచి అడిగితే, చక్కగా ఉంటే చెక్కలో ఇరుక్కుపోతుందే పిట్టా, అటొకటి ఇటొకటి జరిగితేనే దారి ఇస్తుంది, అనేవాడు నాన్న, ఒక కన్ను మూసి రంపం పొడుగునా చూస్తూ. ఎంత చప్పుడని అక్కడ, తలలో ఇంకో తల పెట్టి తిప్పుతున్నట్టు. ఆ చప్పుడులో మనిషి గొంతు ఏం వినపడుతుంది? వినపడినా, ఏమండీ అంటే అక్కడున్న ఇంతమంది మొగుళ్ళలో ఎవరు పలకాలి? అందుకని అమ్మ గేటు దగ్గర నిలబడి, క్యారేజీ గడప మీద పెట్టి, ఈల వేసేది. ముందొక పొట్టిది, వెంటనే ఒక పొడుగుది, పొడుగుది చివర్లో పైకి లేచేది. వేళ్ళు పెట్టడం లేదు, పెదాలు చుట్టడం లేదు, ఎడంగా ఉన్న ఆ ముందుపళ్ళ సందులోంచి, నాలుక ఎక్కడ ఆనించేదో ఏమో, నోరు కదిలినట్టే ఉండేది కాదు. ఆ రణగొణలోంచి సూది దూరినట్టు దూరేది ఆ ఈల. నాన్న తల తిప్పేవాడు కాదు. అదీ ఆయన గొప్ప. పన్ను వంచుతున్న చెయ్యి ఆపకుండానే, "వస్తున్నానే, పనిలో ఉన్నా!" అని కేకపెట్టేవాడు. వినలేదేమో, వినలేదేమో అని పిట్ట ప్రతిసారీ గుండె ఉగ్గబట్టుకునేది, ప్రతిసారీ ఆ కేక వచ్చేది. నవ్వుకి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి, ఈలకి మాత్రం ఎవర్నీ లెక్కచేసేది కాదు.

ఫ్లాస్కు మీద చెయ్యి పెట్టి చూసింది. ఇంకా కాలుతోంది. మర మీదకి పోయిన వేలిని తనే వెనక్కి లాక్కుంది, పిచ్చిదానా, ఆగు.

మిల్లు నాన్న చెవుల్ని కొంచెం కొంచెంగా కొరుక్కు తినేసింది. ముందు గడియారం చప్పుడు పోయింది, తర్వాత వాన చప్పుడు, తర్వాత ఫోను, చివరికి మనుషులు. చెవిలో పెట్టుకునే మిషను కొనిచ్చింది పిట్ట, నాలుగు రోజులు పెట్టుకుని సొరుగులో పడేశాడు, లోకంలో ఉన్న గోలంతా వినపడుతోంది, మీ అమ్మ మాట తప్ప, నాకిది సెట్ కాదు, అన్నాడు. ఒక్క ఈల మాత్రం మిగిలింది. ఎలా మిగిలిందో చెవుల డాక్టరు ఏదో చెప్పాడు, ఎవరికీ అర్థం కాలేదు, అమ్మ మాత్రం అందులో తన ఘనతే ఉందన్నట్టు తల ఎగరేసింది. వంటింట్లోంచి ఈల, బాల్కనీలోంచి వస్తున్నానే. స్నానానికి ఈల, మందు బిళ్ళలకి ఈల, కూర ఎలా ఉందో రుచి చూడ్డానికి ఈల, ఏమీ లేకపోయినా ఈల, ఊరికే పిలిచా, ఉన్నారో లేదోనని. వాళ్ళ కాపురం అంతా ఆ సందులోంచే నడిచిందంటే పిట్ట ఇప్పుడు నమ్ముతుంది. అప్పుడు ఆ మాట తట్టలేదే, అదే తన మొహం మీద తను కొట్టుకోవలసిన సంగతి.

ఎందుకంటే చిగుళ్ళు వదులై అమ్మ పళ్ళు ఒకటొకటే ఊడి, మిగిలినవి డాక్టరమ్మ తీసేశాక, నేనున్నాను కదా అని పిట్ట చీర కొంగు దోపుకుని రంగంలోకి దిగింది. ఇన్నాళ్ళూ ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కట్టాను, కన్నతల్లికి ఎలా కడతానో చూడండి. కార్డుల మీద వరసగా అతికించి వచ్చే పళ్ళలో మంచి మెరుగున్నవి ఏరింది, మైనంలో ఒక్కొక్కటీ నిలబెట్టి, దారం పట్టి చూసినట్టు వరస కుదిర్చింది, ఎడం లేదు, వంకర లేదు, ఈ వృత్తిలో సందు అంటే లోటు, లోటు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, మూసేస్తుంది. సందు మూసేసింది. చూసినవాళ్ళంతా ఆహా అన్నారు. ఇరవయ్యేళ్ళు తగ్గిపోయావు అన్నారు. అమ్మ అద్దంలో చూసుకుని, పెళ్ళికూతురి పళ్ళలా ఉన్నాయే, అంది. ఆ రోజు పిట్ట నేల మీద నడవలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం అమ్మావాళ్ళింటికి వెళ్తే స్నానాలగది తలుపు వేసి ఉంది, లోపల నీళ్ళ చప్పుడు లేదు, ఫూ, ఫూ, అని గాలి చప్పుడు. కాసేపు ఆగి మళ్ళీ, ఫూ. పిట్ట తలుపు కొట్టబోయి ఆగిపోయింది. ఆ గాలి ఏమిటో అప్పుడు అర్థమైంది, అమ్మ ఈల వేసి చూసుకుంటోంది, రావడం లేదు. బయటికొచ్చిన అమ్మ, ఏమే ఎప్పుడొచ్చావు, అని ఎంత మామూలుగా అడిగిందని. "పళ్ళు బాగోలేదా అమ్మా?" అంటే, "భేషుగ్గా ఉన్నాయి, నీ చేతి పని కదా, నాకేం లోటు? సెట్ అవుతాయిలే," అంది. బాల్కనీలో నాన్న రోడ్డుకేసి తిరిగి కూర్చున్నాడు, పిట్ట ఎదురుగా వెళ్ళి కూర్చుంటే, చెవిటివాళ్ళు రహస్యం అనుకుని చెప్పే పెద్ద గొంతుతో అన్నాడు. "మీ అమ్మ నన్ను పిలవడం మానేసిందే పిట్టా. పళ్ళు లేనన్నాళ్ళూ సరే, పళ్ళు రానీ పిలుస్తుంది అనుకున్నా. వచ్చాయి. పిలవట్లేదు. కంచం తెచ్చి ఆఫీసరు ముందు బంట్రోతులా నిలబడుతోంది. నేనేం చేశానో నువ్వైనా కనుక్కో."

పిట్ట ఆయన చెవిలో అరిచింది, పళ్ళ వల్ల నాన్నా, పళ్ళ వల్ల! బాగానే ఉన్నాయిగా, మెరిసిపోతున్నాయి, అన్నాడాయన.

డాక్టరమ్మకి చెప్తే, సందుతో కట్టాలా, ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదమ్మా, అని ముందు నవ్వి, తర్వాత నవ్వు ఆపి, అమ్మగారికి ఏది సెట్ అయితే అదే మనకి కరెక్టు, కట్టు, అంది. మెరిసే ఆ మొదటి వరస అమ్మ నోట్లోంచి డబ్బాలోకి పోయింది. కట్టడానికి కూర్చుంటే తెలిసొచ్చింది అసలు కష్టం. ఎంత సందు? ఎటు వంపు? ఊరందరి నోళ్ళూ కొలతలతో చెప్పే మనిషి, అమ్మ నోరు కళ్ళు మూసుకుంటే కనిపించడం లేదు. ఫోటోలన్నీ తిరగేసింది, ప్రతి ఫోటోలో చెయ్యి. పెళ్ళి ఫోటోలో చెయ్యి, పిట్టని ఎత్తుకున్న ఫోటోలో రెండు చేతులూ ఖాళీ లేకపోతే పిట్ట తల అడ్డం. మైనంలో పళ్ళు నిలబెట్టి అమ్మ నోట్లో పెట్టి చూసింది, ఫూ. కాస్త ఎడం చేసింది, ఫూ. ఇంకాస్త, ఈసారి ఫూ కూడా కాదు, ఉమ్మి. ఇద్దరూ పడీపడీ నవ్వారు, నవ్వు ఆగాక ఇద్దరూ ఎటో చూశారు. అమ్మకీ తెలియదు ఆ పన్ను ఎలా ఉండేదో, ఎప్పుడైనా సరిగ్గా చూసుకుంటే కదా.

మర్నాడో ఆ మర్నాడో నాన్న పిట్టకి అన్నం క్యారేజీ ఇవ్వడానికి ఈ గదిలోకి వచ్చాడు. బల్ల మీద, దవడల్లా తెరుచుకుని మూసుకునే పరికరంలో ఆ మైనపు పళ్ళ వరస ఉంది, పిట్ట అప్పుడే దీపం మీద కాస్త వెచ్చచేసి పెట్టింది. ఎవరివి, అని చేత్తోనే అడిగాడు. అమ్మవి, అంది పిట్ట, పెదాలు బాగా కదిలేలా. ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. "కావు," అన్నాడు. అనేసి, చెప్పా పెట్టకుండా బొటనవేలు తీసుకెళ్ళి కుడి ముందుపన్ను మీద ఆనించి నొక్కాడు. పిట్ట అయ్యో అనబోయింది. మైనం మెత్తగా ఉంది, పన్ను కదిలింది, ఆయన వేలి కొసతో దాన్ని ఇంకొంచెం తిప్పాడు, ఇటు ఆపి, మళ్ళీ వెంట్రుకవాసి వెనక్కి తెచ్చి, ఒక కన్ను మూసి వరస పొడుగునా చూశాడు. "ఇదీ. ఎదురుగా కూర్చుని ఇన్నేళ్ళు అన్నం తిన్నాను, నాకు తెలియదా?" క్యారేజీ అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు. అమ్మ చెయ్యి అందరికీ అడ్డం వచ్చింది, ఈయనకి రాలేదన్నమాట. పిట్ట ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు, మైనం గట్టిపడేదాకా దాని ముందు నుంచి లేవలేదు, ఈగ వాలితే కదులుతుందేమోనని కాపలా కాసింది. దాన్ని మళ్ళీ అమ్మ నోట్లో పెట్టి చూడ్డానికి ధైర్యం చాల్లేదు, మెత్తటి మైనం, అమ్మ గట్టిగా ఊదితే ఆ వేలి గుర్తు పోతే? తిన్నగా ప్లాస్టర్లోకి దించేసింది, ఇక మైనం కరిగిపోయినా పళ్ళు కదలవు. కాబట్టి ఆ ఈల వస్తుందో రాదో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. రాకపోతే నాన్న ఆ బాల్కనీలో అలాగే, పెళ్ళాం తనని పిలవడం మానేసిందనే నమ్మకంతోనే కూర్చుంటాడు. ఎన్నాళ్ళు కూర్చుంటాడు, మనిషికి ఎన్నాళ్ళుంటాయి, ఛీ, ఏం ఆలోచనలివి.

గట్టు చల్లబడింది. ఫ్లాస్కూ చల్లబడింది. మర విప్పింది. చిప్పలు విడదీసి, ప్లాస్టరు చిన్న సుత్తితో తట్టి తట్టి రాల్చి, కుళాయి కింద కడిగి, వెలుగుకి పట్టి చూసింది. ఉంది. కుడి ముందుపన్ను పక్కవాళ్ళతో మాట్లాడుతున్నట్టు తిరిగి, దాని పక్కన సన్నటి సందు, నాన్న వేలు ఎలా వదిలిందో అలాగే ఉంది. అంచులు అరగదీసింది, తిరిగే గుడ్డ చక్రం మీద మెరుగు పెట్టింది, ఆ పన్ను దగ్గరికొచ్చేసరికి మాత్రం చక్రం తాకనివ్వలేదు, చేత్తోనే తుడిచింది.

డాక్టరమ్మ అమ్మ నోట్లో పెట్టి, కొరకమని, తెరవమని, అటూ ఇటూ చూసి, నొప్పేమైనా ఉందా అని అడిగి, తృప్తిగా తలూపింది. అమ్మ నాలుకతో లోపల తడుముకుంటోంది, కొత్త ఇంట్లో గదులు చూసుకుంటున్నట్టు. ఒకచోట నాలుక ఆగింది. పిట్ట వైపు చూసింది. లేచి, వరండా మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. సాయంకాలపు రద్దీ, బస్సులు, హారన్లు, తలుపుల దుకాణంలో రంపం కూడా మొదలైంది ఇప్పుడే. రోడ్డుకి అటుపక్క నాన్న వీపు.

ఫూ.

పిట్ట గోడకేసి తిరిగింది. చూడలేను బాబూ. మళ్ళీ ఫూ, ఈసారి గాలిలో ఏదో గీరుకుంది, అంతే, ఆగిపోయింది. "సెట్ అవుతుందిలే," అంది అమ్మ, పిట్టతో కాదు, తనతో. పెదాలు తడుపుకుంది. తర్వాత వచ్చింది. పొట్టిది ఒకటి, వెంటనే పొడుగుది, పొడుగుది చివర్లో పైకి లేచి, బస్సు హారన్ మీదుగా, రంపం మీదుగా, రోడ్డు దాటిపోయింది. స్కూటరు మీద పోతున్నాయన తల తిప్పాడు. కుక్క తల తిప్పింది. లోపల బెంచీ మీదవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

పిట్ట గోడ వదిలి రోడ్డుకేసి చూసింది. నాన్న తల తిప్పలేదు. పలక మీద పెట్టిన చెయ్యి పలక మీదే ఉంది. వినలేదు, అనుకుంది పిట్ట, రంపపు పొట్టులో కూర్చున్న ఆ చిన్నపిల్ల లాగే గుండె ఉగ్గబట్టుకుని, వినలేదు, వినలేదు.

"వస్తున్నానే, పనిలో ఉన్నా!"

పని మానేసి ఎన్నేళ్ళయిందో ఆ మనిషి. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి నవ్వింది.